పల్లకి సింహం, పికప్పు స్టీరింగు

మా తాతకు తాత పాళెగాడు. పద్దెనిమిది ఊళ్ల శిస్తు ఆయన చావడికి చేరేది. ముత్తాత నాటికి కుంఫిణీవాళ్లు ఊళ్లు తీసుకుని భత్యం ఇచ్చారు. తాత ఆ భత్యం మీదే పల్లకి ఎక్కాడు. ఇంటి వెనక చేనికి కూడా పల్లకిలోనే వెళ్లేవాడు. నాన్నకు గుర్రబ్బండి మిగిలింది. నాకు మిగిలింది, యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత పికప్పు.

మా ఇంటి మగవాళ్లు నడుము వంచరని వేంపల్లె చుట్టుపక్కల ఒక మాట ఉండేది. అది పొగడ్త అనే అనుకునేవాణ్ణి.

పికప్పులో శనక్కాయల మూటలు మిల్లుకు తోలేవాణ్ణి. ఇల్లు కట్టుకునేవాళ్లకు బేతంచెర్ల బండలు తెచ్చేవాణ్ణి. కిరాయి అన్న మాట మాత్రం ఎవరినీ అననిచ్చేవాణ్ణి కాను. నేను సాయం చేస్తున్నాను, వాళ్లు మర్యాద చెల్లిస్తున్నారు, అంతే.

అమ్మ మా ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి బస్సెక్కలేదు. మూటలు మోసే బండి కూడా ఎక్కనంది. చాలా రోజులు బతిమాలాక ఒక షరతు పెట్టింది. తాత పల్లకి మోసే దండె కొసన ఉండిన ఇత్తడి సింహం మొగం బండి ముందు ఉండాలి. వేంపల్లె కమ్మరి ఇనప పట్టీ కొట్టి, దాన్ని బండి కింద ఎక్కడో బిగించి, కొసన సింహాన్ని నిలబెట్టాడు. ఎక్కడ బిగించాడో నేను చూడలేదు. చూడాలంటే వంగాలి.

ఏడాది తిరిగేసరికి స్టీరింగు వదులైంది. చేతిలో చక్రాన్ని పావు చుట్టు తిప్పితే గానీ బండికి సంగతి తెలిసేది కాదు. తిన్నగా పోవాలన్నా కుడికీ ఎడమకీ తిప్పుతూనే ఉండాలి. ఎదురొచ్చే ఎద్దుల బండ్లవాళ్లు దూరం నుంచే చేలల్లోకి దిగి నిలబడేవాళ్లు. పాత కుటుంబమన్న గౌరవం ఇంకా ఉందని సంతోషించాను. పైగా స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందు సింహం మెల్లగా తల ఊపేది. ఊరివాళ్ల దండాలు అందుకుంటోందని అమ్మ అనేది. గతుకుల రోడ్డు వల్లనని నేను అనుకునేవాణ్ణి.

అంతకు ముందు ఏడు నాకు విషజ్వరం వచ్చినప్పుడు, కొడుకు బతికితే ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి వస్తానని అమ్మ మొక్కుకుంది. కల్యాణం నాలుగు రోజుల్లో ఉంది. బస్సెక్కదు. ఈ బండిలో అమ్మను కూర్చోబెట్టుకుని కడప దాటి పోయే ధైర్యం నాకు లేదు. మొక్కు మిగిలిపోతే ఆ దిగులుతోనే ఆమె మంచం పట్టేలా ఉంది.

రోగం నేనే కనిపెట్టాను. చక్రం తిప్పుడును టైర్లకు అందించే స్టీరింగు పెట్టె మీద, బిగించే మర ఒకటి ఉంటుంది. బానెట్ ఎత్తి, నిలబడే బిగించవచ్చు. ఉన్న బలమంతా పెట్టి బిగించాను. చక్రం తిరగలిరాయంత బరువెక్కింది. మలుపు తిరిగాక దాన్ని రెండు చేతులా లాగితే గానీ వెనక్కి రాలేదు. వదులు మాత్రం వదులుగానే ఉంది.

కడపలో పేరున్న ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దేన్నీ విప్పలేదు. ఇంజను ఆపించి, చక్రాన్ని కొంచెం కొంచెం ఆడించమని నాకు చెప్పి బండి కిందికి దూరాడు. రెండు నిమిషాల్లో గడ్డం దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

"దిగండి దొరా. నేను కూర్చుంటా, మీరు కిందికి పొండి."

ఏముందో చెప్పమన్నాను.

"చెప్తే నమ్మరు. కమ్మరోని మీదికి పోతారు. మీ కండ్లతో చూడండి."

ఎదుటి టీ అంగట్లో మాటలు ఆగిపోయాయి. నేను తలపాగా తీసి సీటు మీద పెట్టి, గోనెపట్టా పరిపించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. టీ అంగట్లో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు.

పైన మేస్త్రీ చక్రం ఆడించాడు. పెట్టె లోపలి పని బాగానే ఉంది. పెట్టె మొత్తమే ఛాసీ చట్రం మీద అటూ ఇటూ జరుగుతోంది. సింహం పట్టీని పట్టించడానికి కమ్మరి స్టీరింగు పెట్టె బోల్టులనే వాడుకున్నాడు. సందు పూడ్చడానికి టేకుచెక్క దూర్చాడు. ఎండకు చెక్క ఎండి కుంచించుకుపోయి, బోల్టులు వదులయ్యాయి.

"యాడ ఊగుతాండాదో చూసినారా దొరా?" పైనుంచి మేస్త్రీ గొంతు. "మీరు తిప్పిన తిప్పుడు టైర్లకు పోల్యా. సగం సింగానికే పోతాండాది. అది శానా మర్యాదగా తల ఊపుతాండాది."

సాయంత్రానికి పట్టీ, చెక్క తీసేసి, ఇనుముకు ఇనుము ఆనేలా కొత్త బోల్టులు బిగించాడు. నేను బిగించిన మరను కావలసినంత వదిలాడు. చక్రం వేలితో తిప్పినా మాట విన్నది. సింహాన్ని మరోచోట నిలపమన్నాను. రేడియేటరుకు గాలి అడ్డమన్నాడు, బంపరు తుప్పు పట్టింది, బరువు మోయదన్నాడు. గోనెలో చుట్టి చేతికిచ్చాడు.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఆమె సింహం సంగతి అడగలేదు.

"కింద పండుకున్యావా?"

"పండుకున్యా."

"ఎవరన్నా చూసినారా?"

"టీ అంగడి నిండా ఉన్యారు."

అమ్మ గోనె విప్పి, చింతపండు తెమ్మని, సింహాన్ని తళతళలాడేలా తోమింది.

"నా కోసరం నువ్వు మట్టిలో పండుకున్యావు. ఇది నా ఒళ్లో కూర్చుంటే ఏం పోతాది?"

కల్యాణం రోజు అమ్మ నా పక్క సీట్లో నిటారుగా కూర్చుని, సింహాన్ని రోడ్డుకేసి తిప్పి ఒళ్లో పట్టుకుంది. బండి గీత గీసినట్టు పోయింది. ఎదురొచ్చిన ఎద్దుల బండ్లు ఒక్కటీ చేలోకి దిగలేదు. ఒంటిమిట్టలో బండి దిగుతుంటే, ఏ గుడి దేవుడో అనుకుని ఒకావిడ సింహానికి కుంకుమ పెట్టి, కండ్లకద్దుకుంది. అమ్మ కాదనలేదు.

ఆ సింహాన్ని మరుసటేడు కడపలో ఇత్తడి సామాన్ల అంగడికి తూకానికి అమ్మాము. పికప్పును అమ్మలేదు; మాకు అన్నం పెట్టేది అదే.