వేప పలక వెనకవైపు

నాయన సంవత్సరీకానికి ఆయన ఫోటో అంటించడానికి ఒక పలక చెక్కాలనుకున్నాను. చేత్తో కాదు, మిషనుతో. గార్లదిన్నెలో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు చుట్టే షాపు నాది. పాడైన ప్రింటర్ల మోటార్లు, పాత కంప్యూటరు, ఇనుప పట్టీలు కలిపి, రెండేళ్ళు కిందామీదా పడి ఆ చెక్కుడు మిషను నేనే కట్టాను. ఇంట్లో పలకరించే మనిషి లేడు కాబట్టి దానితోనే మాట్లాడేవాణ్ణి.

కరెంటు పోతే అది తానెక్కడుందో మర్చిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టాలంటే దాని ఉలిని పక్కకు, వెనక్కు, పైకి జరిపి, మూడు కొసల్లో ఉన్న స్విచ్చులకు ముట్టించాలి. అక్కడ సున్నా పెట్టుకుని కొలుచుకుంటుంది. మా వైపు కరెంటు సంగతి చెప్పేదేముంది, ముట్టించీ ముట్టించీ విసుగొచ్చింది. బోర్లకు ఆటో స్టార్టర్లు బిగించే చెయ్యి కదా, దీనికీ అదే బుద్ధి పుట్టింది. కరెంటు రాగానే, స్విచ్చులు ముట్టించే పని లేకుండా, కంప్యూటరు తనంతట తానే లేచి చెక్కుడు మొదలుపెట్టేలా చేసి, నా అంత మొనగాడు లేడనుకున్నాను.

నాయన తన బోరుకు మాత్రం ఆటో స్టార్టరు పెట్టనివ్వలేదు. "కరెంటొచ్చినంత మాత్రాన నీళ్ళొచ్చినట్టా? ఎవురో ఒకరు పోయి చూడల్ల గదప్పా" అనేవాడు. ఆ మాటకు ఎన్నిసార్లు నవ్వానో.

పలక ఆయన ఎద్దుల బండిది, వేప. మిగిలింది అదొక్కటే. అంచు చుట్టూ శనక్కాయ తీగ సగం చెక్కేసరికి కరెంటు పోయింది. టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మిషను ఆగినచోటునే సున్నా అనుకుని, ఫోటో అంటించాల్సిన చోట తీగను మొదటినుంచి చెక్కుతోంది.

ఆపి, నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పోయిన రోజున కూడా అంతగా ఏడవలేదు. "చూసినావా" అని దెప్పడానికైనా మనిషి లేడు.

ఆ ఏర్పాటు పీకేశాను. పలకను తిరగేసి, మూడు స్విచ్చులకూ ముట్టించి, పక్కనే నిలబడ్డాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్ళీ ముట్టించి, ఆగినచోటు వెతికి మొదలుపెట్టాను. టీ అంగడాయన తొంగిచూశాడు.

"ఏమప్పా, ఒక్కనివే ఎవురితో మాట్లాడతాండావు?"

నాయనతో అని నోటిదాకా వచ్చింది. "మిషనుతో అన్నా" అన్నాను.

సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు పనితనం బాగుందన్నారు. అందరూ వెళ్ళాక పలకను దించి వెనకవైపున్న ఆ తప్పు తీగను చూసుకున్నాను. దాన్ని చూసి నవ్వాల్సిన మనిషి ఒక్కడే. ఆయన ముందువైపు ఫోటోలో ఉన్నాడు.