రాకాసి బొక్క

నా బల్ల సొరుగులో పిడి విరిగిన భూతద్దం ఒకటుంది. దానికి ఇప్పటికీ ఇప్పపువ్వు వాసన వస్తుందని నేనంటాను, మా ఇంట్లో ఎవరూ నమ్మరు. తొమ్మిదో ఏట నేను చేసిన మొదటి బేరం అది. అందులో గెలుపు నాదేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

చెన్నూరు అవతల, ప్రాణహిత ఒడ్డున ఒక ఊళ్లో మా కిరాణా దుకాణం. ఎండాకాలమంతా ఇప్పపువ్వు బస్తాల మత్తు వాసన, వానలు పడగానే తడిసిన గోనెసంచులు, చెమ్మెక్కిన బెల్లం, చింతపండు పులుపు, దసరా ముందర మమ్మల్ని కన్న అవ్వ వేయించే నువ్వులు, అన్నీ కలిసి మా ఒంటికే అంటుకుని మాతోపాటు బడికొచ్చేవి. ఆ బస్తాల మధ్య, గల్లాపెట్టె పక్కన, నా నడుమెత్తు రాతిబొక్క, రాయైపోయిన ఎముక, ఒకటి నిలబడి ఉండేది. మా నాయనమ్మను బాపమ్మ అనేవాళ్లం. ఆమె చిన్నకొడుకు, మా చిన్నబాపు, వానాకాలం నావ మునిగి కొట్టుకుపోయాడు, శవం దొరకలేదు. ఆ మరుసటేడు ఏట్లో కలిసే ఒర్రె గట్టు తెగి ఈ బొక్క బయటపడితే, ఒక రైతు బండి మీద తెచ్చి దించాడట. బాపమ్మ దాన్ని ఇంట్లో పెట్టుకుంది. ప్రతి మంగళవారం ఏటికి పోయి, గట్టు పొడుగునా తిరిగి, వచ్చాక దాన్ని కడిగి పసుపు రాసేది. సద్దుల బతుకమ్మ నాడు మాకంటే ముందు దానికే రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద పెట్టేది.

అది రాకాసోడి బొక్కట. వాణ్ని దేవతలు ముక్కలు చేసి ఏటి గట్టున చల్లారట. వాడి తల్లి ఊరూరూ తిరిగి ఒక్కో బొక్కా ఏరుకుంటోందట. అన్నీ దొరికిన నాడు వాడు లేచి నిలబడతాడట. బాపమ్మ చెప్పే ఈ కథ మా ఊళ్లో మరెవరికీ తెలియదు.

“రాకాసోనికి ఏడ్చెటోళ్లు గూడ ఉంటరా బాపమ్మా?” అని నేను నవ్వేదాన్ని.

“వానికి మాత్రం అవ్వ ఉండదా పిల్లా? అడుగవస్తె ఇయ్యాలె. గందుకే దాస్తున్న.”

ఒక చలికాలం ఒర్రెల్లో రాళ్లు తవ్వించడానికి పట్నం నుంచి జీపులో ఒక సారు వచ్చాడు. పల్లీలు కొనడానికని మా దుకాణంలోకొచ్చి, బొక్కను చూసి పల్లీల సంగతే మరిచిపోయాడు. బాపు సంతకు, బాపమ్మ ఏటికి పోయారు. గల్లా మీద నేను. ఆయన కళ్లలో మెరుపు చూశాక ఊరుకుంటే దుకాణదారు బిడ్డనెట్లవుతాను? “గది ఇయ్యం సార్, బాపమ్మ తిడ్తది,” అన్నాను, ఇవ్వదలిచినవాళ్లు అనే తీరులోనే. ఆయన పెన్ను చూపించాడు. నేను ఆయన మెడలోని భూతద్దం వైపు చూశాను. చివరికి రెండూ నావయ్యాయి, బొక్క జీపెక్కింది. పైగా మరిచిపోయిన పల్లీలు గుర్తుచేసి మరీ అమ్మాను.

బాపమ్మ వచ్చింది. తిట్టలేదు. నేల మీద మిగిలిన పసుపు మరకను అరచేత్తో నిమిరి, “జీపు ఎటు వోయింది?” అనడిగింది. తెల్లారి, ఒర్రె పక్కన వాళ్లు వేసుకున్న గుడారాల దాకా నడిచిపోతే అక్కడ బూడిద తప్ప ఏమీ లేదట. తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

“నేను ఒక తల్లి కొడుకు బొక్క దాస్తె, అద్దరిన ఎవలన్న నా కొడుకు బొక్క దాస్తరనుకున్న. నా బేరం చెడగొడ్తివి గదనే బిడ్డా.”

ఆ తరువాత ఆమె ఏటికి పోవడం మానేసింది. ఆ కథ మళ్లీ చెప్పలేదు. మరుసటి బతుకమ్మకు మలీద చేసింది గానీ, మొదటి ముద్ద ఎవరికీ తీసిపెట్టలేదు.

మొన్న పట్నంలో ఒక మ్యూజియానికి పోయాను. హాలు నిండా ఒక అస్థిపంజరం. మనుషులు పుట్టకముందు బతికిన జంతువట, మా ఏటి పక్కన దొరికిందట. ఒక్కో బొక్కా ఏరి, దొరకనివి సున్నంతో పోసి నిలబెట్టారు. బాపమ్మ చెప్పినట్టే వాడు లేచి నిలబడ్డాడు. తాడు దాటొద్దన్న కాపలాదారును ఐదు నిమిషాలడిగి రెండు నిమిషాలకు ఒప్పించి, భూతద్దంతో కాళ్ల బొక్కలన్నీ వెతికాను. ఎక్కడా పసుపు లేదు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, ఇప్పపువ్వు బస్తాలు లేవు, బాపమ్మ లేదు. అద్దరిన ఏ ఇంట్లోనైనా, బస్తాల మధ్య, ఎవరిదో తెలియని బొక్కకు పసుపు రాసే ముసలామె ఉందేమో. అడిగి రావడానికి నేను ఏనాడూ ఏరు దాటలేదు.