బాబిన్ కేసు కుదువ

“వద్దంటే వద్దు. ఆ మీట మీద చెయ్యి పెట్టినావంటే చూడు!”

“గడువు పెంచమని అమ్మే ఆయప్ప అడుగుతాండాడత్తా. మనం ఒప్పుకోకుంటే ఈ రాత్రితో బేరం రద్దు. మిషను ఇంకెవురో ఎత్తుకపోతారు.”

“పోనీ. చెప్పిన దినానికి పంపనోడు రేపు మాత్రం పంపుతాడా?”

కడపలో మా వీధి చివరి ఇంటర్‌నెట్ సెంటర్‌లో నేనూ మా కోడలూ ఇట్లా వాదులాడుకుంటుంటే, చుట్టూ ఉన్నవాళ్లు తెరలు వదిలి మావైపు చూశారు.

కోడలు ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టేది. అంచు పీకోకు మాత్రం బజారుకు పంపాల్సి వచ్చేది. కర్నూలాయన ఒకడు పాత జపాను పీకో మిషను కంప్యూటరు తెర మీద నడిచే ఒక అంగట్లో అమ్మకానికి పెట్టాడు. అట్లాంటిది మళ్లీ దొరకదని ఈమె ముందే డబ్బు కట్టేసింది. మిషను మనకు చేరేదాకా ఆ డబ్బు అంగడివాళ్ల దగ్గరే ఉంటుందట. కంటికి కనపడని ఆ నడిమి మనుషుల మీదా నాకు నమ్మకం లేదు.

నా చదువు మూడో తరగతితోనే ఆగింది గానీ, బేరాలు మా నాయన వెంట పశువుల సంతలో చూశాను. అమ్మినవాడు గడువడిగితే ఆయన కాదనేవాడు కాదు, ఎద్దు మెడలోని గంటల పట్టీ విప్పి ఇమ్మనేవాడు. పట్టీ మనింట్లో ఉంటే ఎద్దు ఇంకొకరింటికి పోదు.

కోడలి సెల్లు తీసుకుని కర్నూలాయనకు నేనే ఫోన్ చేశాను.

“ఏమప్పా, ఆలీసమెందుకు?”

“లారీ దొరకలేదు పెద్దమ్మా. గడువు పెంచితే పంపిస్తా.”

“అయితే ముందు కుదువ పంపు. సంతలో ఎద్దు గంటల పట్టీ విప్పిచ్చినట్ల, బాబిన్ కేసు ఊడదీసి కడప బస్సు డ్రైవరు చేతికియ్యి.”

అడుగుదారం కండె కూర్చునే ఆ చిన్న ఇనుప డిప్ప లేకుంటే ఏ మిషనూ కుట్టదు.

అతను నవ్వాడు. “మిషన్ను గూడా ఎద్దును జేసినావే! సరే, రాత్రి బస్సుకే ఇస్తా. మీరు ముందు ఒప్పుకోండి.”

“చేతికొచ్చినాంకనే.”

“అప్పటికి గడువు దాటిపోతాది పెద్దమ్మా!”

“అది నీ బాధ.”

అంత సులువుగా ఇస్తాననడంతో నాకు అనుమానం ఇంకా పెరిగింది. కోడలిని కుర్చీలోంచి లేపి ఇంటికి తీసుకుపోయాను. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

మరుసటి రోజు పొద్దున ఇద్దరం బస్టాండుకు పోయాం. డ్రైవరు పాత పేపర్లో చుట్టిన పొట్లం ఇచ్చాడు. విప్పితే బాబిన్ కేసు, లోపల ఎర్రదారం కండె తీయకుండా అట్లాగే ఉంది. బేరం రాత్రే రద్దయిపోయింది. కట్టిన డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. కోడలు అతనికి ఫోన్ చేసి, “ఇంకెవురికీ ఇయ్యొద్దన్నా, నేనే వస్తాండా” అంది.

“కుట్టి చూసినాంకనే దుడ్లియ్యి” అంటూ నేను కొంగుముడి విప్పాను. ఆమె డబ్బు తీసుకుని, బాబిన్ కేసు గుప్పిట్లో పెట్టుకుని, కర్నూలు బస్సెక్కింది.