కొట్టేయాల్సిన రెండు మాటలు

మా పెదనాన్న తలుపు చప్పుడైనా ఉలిక్కిపడే మనిషి. అలాంటివాడికి బట్టలుతికే ఫ్యాక్టరీలో ఆవిరి పుట్టించే బాయిలర్ దగ్గర పాతికేళ్ల ఉద్యోగం. రాసిపెట్టి ఉండటమంటే ఇదేనని ఇంట్లో అందరం ఆటపట్టించేవాళ్లం. మొన్న సోమవారంతో ఆ నవ్వులు ఆగిపోయాయి.

ఆవిరి ఎక్కువైతే తనంతట తాను తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వు ఆ రోజు బిగుసుకుపోయింది. పైపు అతుకు దగ్గర పగిలి, అటుగా వచ్చిన ఫిట్టర్ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. నెల కిందట ఆ వాల్వు బాగుచేసింది కూడా అతనే.

బుధవారం మేనేజరు పెదనాన్నను పిలిచి ప్రమాదం గురించి నింపాల్సిన ఇంగ్లిష్ కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు పెదనాన్న. మేనేజరు గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆ రోజు డ్యూటీలో పెదనాన్న వాల్వును ఏం చేశాడో చెప్పే వాక్యంలో మూడు మాటలు పక్కపక్కనే అచ్చువేసి ఉన్నాయి: సా, చెక్డ్, టెస్టెడ్. చేసిన పని ఉంచి మిగతా రెండూ కొట్టేయాలి.

"మూడూ అయిపోయిన పనులే కదమ్మా. ఏదుంచితే ఏంటి?" అన్నాడు.

"సా అంటే వాల్వు కంటికి కనబడిందని. చెక్డ్ అంటే దగ్గరికెళ్లి బాగుందో లేదో పరిశీలించావని. టెస్టెడ్ అంటే పిడి లాగి, ఆవిరి వదిలి పరీక్షించావని. నువ్వేం చేశావు పెదనాన్నా?"

"ఆ పిడి లాగితే అది పెట్టే కేక నువ్వు వినలేదు. నాకు భయమే. లాగి ఎన్నేళ్లయిందో. గుమ్మంలోంచే ఓ చూపు చూసి వచ్చేస్తా."

"మరి రోజూ నింపే రిజిస్టర్లో ఏం రాస్తావు?"

"ముందు షిఫ్టువాళ్లు పై లైన్లో టెస్టెడ్ అని రాస్తారు. నేనూ అదే దించేస్తా. వాళ్లు లాగే ఉంటారుగా."

నాకు ఒళ్లు మండింది. వెంటనే భయమూ వేసింది. వాళ్లు కూడా ఈయన రాసింది చూసి ఇలాగే అనుకుని ఉంటే?

టెస్టెడ్ ఉంచితే, పరీక్షించినా బిగుసుకుందంటే బాగుచేయడంలోనే లోపమని తప్పంతా ఫిట్టర్ మీదికి పోతుంది. కాలిన చెయ్యితో ఆసుపత్రిలో ఉన్నవాడి ఉద్యోగం ఊడుతుంది. సా ఉంచితే ఊడేది పెదనాన్నది. ఏది ఉంచమని చెప్పకుండానే కాగితం ఆయన చేతికి ఇచ్చేశాను.

లోపల పెదనాన్న కుర్చీ అంచున కూర్చుని చెక్డ్ కొట్టేశాడు. తర్వాత టెస్టెడ్ కూడా కొట్టేశాడు.

మేనేజరు చూసి నిట్టూర్చాడు. "కంగారులో గీసినట్టున్నారు పెద్దాయనా. టెస్టెడ్ ఉంచారంటే మీ జోలికి ఎవరూ రారు. ఇంకో కాగితం ఇస్తాను, నిదానంగా చూసుకోండి."

రెండో కాగితం బల్ల మీదికి వచ్చింది. పెదనాన్న నా వైపు చూశాడు. మళ్లీ అవే రెండు మాటలు కొట్టేశాడు. గీత కాస్త పక్కకు పోయింది. సరిగ్గా కొట్టలేదంటారేమోనని, దాని మీదే ఇంకో గీత గీశాడు.