పరిహారం చెప్పని పేకముక్కలు

మా అక్క అమెరికాలో పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైంది. బావ పోయిన కొద్దిరోజులకే నేను ఆష్‌బర్న్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, అరోరాలో ఆమె ఇంటికి వచ్చేశాను. పెళ్లీ పెటాకులూ లేనిదాన్ని, ఉద్యోగం ఇంట్లోంచే. నన్నాపేదెవరు? అక్క ఒంటరిగా ఉండకూడదు, అంతే.

ఈ ఏడాది సన్నీవేల్ నుంచి అక్క కొడుకు ఫోన్లు మొదలుపెట్టాడు. "ఇల్లు సేల్‌కి పెట్టేసి వచ్చెయ్ మమ్మీ, మాతో ఉండు" అని. నేను స్పీకర్లోనే అడ్డం పడేదాన్ని. "ఎందుకురా అమ్మడం? ఇక్కడ నేను లేనూ?" వాడూ నేనూ కీచులాడుకుంటుంటే అక్క చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూచునేది. వేసవిలోపు ఏదో ఒకటి తేల్చమని వాడు పట్టుపట్టాడు.

గుడిలో పంతులుగారిని అడిగాం. అక్క జాతకంలో శని బాగాలేదన్నారు. నవగ్రహాలకు ప్రదక్షిణలు, నల్ల నువ్వుల దానం చెప్పారు. అన్నీ చేశాం. అయినా అక్క ఏమీ తేల్చలేదు. పైగా ఓ రోజు, "మా యోగా క్లాసులో ఒకావిడ టారో కార్డులని, బొమ్మల పేకముక్కలు చూసి జోస్యం చెబుతుందట, పదవే వెళ్దాం" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకున్న డాక్టరుకి ఇదేం పోయేకాలం! అక్క డ్రైవ్ చేస్తుంటే, ఆవిడ వాడే కార్డులు తయారుచేయించినవాడెవడో ఫోన్లో వెతికాను. కిందటి శతాబ్దపు ఇంగ్లీషు మాంత్రికుడట. తాతల ఆస్తి తగలేశాడు, మత్తుమందుకు బానిసయ్యాడు, నమ్మి వెంట వచ్చినవాళ్ల బతుకులు బుగ్గి చేశాడు. పత్రికలు వాణ్ణి పరమ దుర్మార్గుడని రాశాయి. మనవైపు వచ్చి ప్రాణాయామం నేర్చుకుని దాన్ని తన మంత్రవిద్యలో కలిపేసుకున్నాడు. ఇవాళ ఇక్కడ చక్రాలనీ సంకల్పమనీ కొవ్వొత్తులు వెలిగించేవాళ్లలో చాలామందికి వాడి పేరు కూడా తెలియదు, వాడి మాటలు మాత్రం నోళ్లలో నానుతున్నాయి. ఇదంతా అక్కకి చదివి వినిపించాను.

"వెధవే అయ్యుంటాడులే. చదివింది చాలుగానీ ఎగ్జిట్ ఎక్కడో చూడు" అంది.

కార్డులావిడ రిటైరైన అమెరికన్ స్కూలు టీచరు. కాఫీ ఇచ్చింది. కూర్చుంటూనే ఆ మాంత్రికుణ్ణి కడిగిపారేశాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. మనిషిగా చెడ్డవాడేనని ఒప్పుకుంది. వాడు చెప్పినవాటిలో తనకి పనికొచ్చింది ఒకటే అంది. మనకి నిజంగా ఏం కావాలో తెలుసుకోవడం, తెలిశాక దానికి మనమే అడ్డుపడకపోవడం.

"ఈ మాత్రానికి మాంత్రికుడెందుకో" అని తెలుగులో గొణిగాను. అక్క మోచేత్తో పొడిచింది.

ముక్కలు పరిచింది. ఒకదాంట్లో బురుజు కూలిపోతోంది, మనుషులు కింద పడుతున్నారు. ఇంకేముంది, దోషమే అనుకున్నాను. ఆవిడ మార్పు గురించి ఏదో నెమ్మదిగా చెప్పుకుపోతోంది. నేనిక ఆగలేకపోయాను.

"ఓకే, వాట్ ఈజ్ ద రెమెడీ?"

ఆవిడకి అర్థం కాలేదు. గుడి చుట్టూ ఎన్నిసార్లు తిరగాలి, ఏం దానమివ్వాలి, ఏ రాయి ఉంగరం పెట్టుకోవాలి, ఏ వారం ఉపవాసం? వరసగా అడిగాను. దోషం చెప్పి పరిహారం చెప్పకుండా పంపేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఆవిడ, కార్డుల్లో అలాంటివేమీ ఉండవంది. అక్కవైపు తిరిగి, నీకేం కావాలి అని అడిగింది.

"షీ వాంట్స్ టు..." అని నేనందుకున్నాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క ఆ బురుజు ముక్కని దగ్గరికి జరుపుకుంది. ఇన్నేళ్లూ ఇంగ్లీషులోనే వైద్యం చేసిన మనిషి, అప్పుడు మాత్రం తెలుగులో చెప్పింది, నావైపు చూడకుండా.

"వాడి దగ్గరికి వెళ్లను. ఇల్లూ అమ్మను. నాకు ఒక్కదాన్నే ఉండాలనుందే."

కార్డులావిడ, అక్క ఏమందో చెప్పమన్నట్టు నా మొహంలోకి చూసింది. అక్క కాఫీ కప్పు అందుకుంది. నాకు కోపమొచ్చింది, కళ్లల్లో నీళ్లూ తిరిగాయి.

"షీ వాంట్స్ టు లివ్ అలోన్" అన్నాను.