ఆగిన ఇంజన్‌లో ఈల

ఆ మెకానిక్ షెడ్డుకి బోర్డు లేదు. తన చెవి ఉండగా బోర్డెందుకని ఆయనగారి ధీమా. బండి వీధి మలుపు తిరుగుతుండగానే, చేతిలో స్పానర్ కింద పెట్టకుండా, "బేరింగ్ పోయింది" అనేవాడు. నిజంగానే పోయి ఉండేది. అందుకని అందరూ చెవి మేస్త్రి అని పిలిచేవారు. ఆ బిరుదు తల్లి కడుపులోంచి తెచ్చుకున్నంత దర్జాగా తిరిగేవాడు. కంప్యూటర్ తగిలించి బండ్లు చూసే సర్వీసు సెంటర్ల మాటెత్తితే జాలిగా నవ్వేవాడు.

అలాంటి మనిషికి మోకాలి నొప్పి పట్టుకుంది. తన రోగం ఇంకొకడు కనిపెట్టడమంటే ఆయనకు నామోషీ. అందుకని పక్కనున్న మందుల కొట్లో ఆస్పిరిన్ బిళ్లలు తెచ్చుకుని, చిరుతిండి నమిలినట్టు నమలడం మొదలుపెట్టాడు. అది చాలక, అదే జాతి మందు కలిసిన ఘాటు తైలం మోకాలి నుంచి తొడ దాకా పట్టించేవాడు.

నొప్పి తగ్గింది. ఒంట్లో వేడి మొదలైంది. వేడంటే జ్వరమేనని తేల్చుకున్నాడు. జ్వరానికి మందేమిటి? మళ్లీ అదే బిళ్ల. ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోయేది, పరుగెత్తుకొచ్చినవాడిలా ఆయాసపడేవాడు. తిన్న తిండి ఎటు పోతోందో గానీ మనిషి చిక్కిపోయాడు. చిక్కినందుకు మురిసిపోయాడు కూడా.

"రోగమంతా చెమటలో కొట్టుకుపోతోంది. చూడు, పొట్ట కూడా తగ్గింది" అన్నాడు భార్యతో. ఆవిడ షెడ్డులోనే స్పేర్ పార్టుల కౌంటర్ చూసుకుంటుంది.

"పొట్టే కాదండీ, మొహం కూడా పీక్కుపోయింది. డాక్టరుకి చూపించుకోండి."

ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అన్ని బండ్ల గోడూ వినే ఆ చెవి ఇంటావిడ మాట ఎప్పుడు విన్నది గనక.

ఇంతలో పాత ఖాతాదారైన టాక్సీ డ్రైవర్ ఆయిల్ మార్పించుకుందామని వచ్చాడు. మేస్త్రి బానెట్ మీదకి వంగాడు.

"ఈల వేస్తోంది."

"నాకేం వినపడట్లేదు మేస్త్రీ."

"నీకు వినపడితే ఇక నేనెందుకు?"

బెల్టు మార్చాడు. ఈల పోలేదు. వాటర్ పంపు విప్పాడు. నిక్షేపంలాంటి ఇంజన్‌ని ముక్కలు చేసి గోనెపట్టా మీద పరిచి, తుడిచి, బిగించి, మళ్లీ స్టార్ట్ చేశాడు. ఈల అలాగే ఉంది. రోజంతా కిరాయిలు పోగొట్టుకున్న డ్రైవర్ ఇక ఉండబట్టలేక, "వేరేచోట చూపించుకుంటాలెండి" అన్నాడు.

మేస్త్రి చేతులు ఆగిపోయాయి. ఆ షెడ్డులో ఆ మాట అన్నవాడు అంతవరకూ లేడు. చెవి పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదని ఆయనకు తెలుసు. భయమేసింది.

భార్య కౌంటర్ వెనక నుంచి వచ్చి, బండిలోకి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజన్ ఆగింది.

"ఇప్పుడూ వినిపిస్తోందా?"

మేస్త్రి చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "వినిపిస్తోంది" అన్నాడు చివరికి.

ఆస్పత్రిలో డాక్టరు రక్తపరీక్ష చూసి మొట్టికాయలు వేసినంత పని చేశాడు.

"ఈ మందు మోతాదు మించితే కణాల్లో లంకె తప్పిస్తుంది. తిండి కాలుతుంది గానీ ఆ శక్తి ఒంటికి అందదు, వేడిగా పోతుంది. మీరు ఆ వేడికి మళ్లీ అదే మందు మింగారు. చెవిలో మోత కూడా దాని పనే. ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదకొచ్చేది."

"అంటే క్లచ్ జారుతోందన్నమాట. ఇంజన్ రేసవుతుంది, చక్రం మాత్రం తిరగదు" అన్నాడు మేస్త్రి, మంచం మీద కూడా పెద్దరికం పోనివ్వకుండా.

"క్లచ్ జారుతుంటే ఇంకా యాక్సిలరేటర్ తొక్కేవాణ్ణి మీరేమంటారో డాక్టరుగారికి చెప్పండి" అంది భార్య.

అది నలుగురిలో చెప్పదగ్గ మాట కాదు. మేస్త్రి పైకప్పు వంక చూశాడు.

సెలైన్ ఎక్కించారు, బిళ్లలు మాన్పించారు. ఈల సన్నగిల్లి ఆగిపోయింది. మోకాలి నొప్పి మాత్రం బుద్ధిగా తిరిగొచ్చింది.

షెడ్డు మళ్లీ తెరిచాక టాక్సీ డ్రైవర్ అనుమానపడుతూనే వచ్చాడు. బండికి ఏమైందో చెప్పలేదు. ఇంజన్ ఆపకుండా దిగి నిలబడ్డాడు. మేస్త్రి వంగి చాలాసేపు విన్నాడు. వాల్వు కొట్టుకుంటోంది. ఆ మాట అనబోయి ఆగాడు. భార్య దగ్గరకు వెళ్లి, డ్రైవర్‌కి వినపడకుండా అడిగాడు.

"టకటకమని... నీకూ వినిపిస్తోందా?"

ఆవిడ తీరిగ్గా చేతులు తుడుచుకుంది.

"వినిపిస్తోంది లెండి. బండిలోనే."