గురువారం లోపు ఒక్క పాట

బస్టాండు మైకులో ఇరవై ఏళ్లుగా బస్సుల వేళలు చెప్పే అనౌన్సరు గొంతుకు గురువారం ఆపరేషను. ఆ తర్వాత మాట ఉండదని డాక్టరు తేల్చేశాడు. రాక్ పాటలంటే చిన్ననాటి నుంచీ చెవి కోసుకునే మనిషి, ఒక్కటైనా నోరారా పాడాలని సంగీతం క్లాసు మెట్లెక్కాడు. రోజూ పొద్దున్నే వచ్చి, మఫ్లరు విప్పి మడతపెట్టి, గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగుతాడు. ఆ గుక్క దిగడానికే కళ్లు గట్టిగా మూసుకుంటాడు. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడతాడు. "గొంతుతో కాదు బాబాయ్, పొట్టలోంచి అరవండి. ఈ గరగర కోసం రాక్ పాడే మావాళ్లు ఏళ్లు తంటాలు పడతారు," అంటుంది గిటారు మీటుతూ నేర్పే అమ్మాయి. అతను నవ్వడు. పై స్వరం దగ్గర గొంతు ప్రతిసారీ తెగిపోతుంది.

బుధవారం పదకొండుసార్లు తెగింది. "ఇక చాలు, కాస్త విశ్రాంతి తీసుకోండి," అందా అమ్మాయి.

"రేపటి నుంచి అంతా విశ్రాంతే కదమ్మా," అన్నాడు గోడ పట్టుకుని. పన్నెండోసారీ పై స్వరం అందలేదు. కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆసుపత్రి కాగితాల సంచితో గుమ్మం దగ్గర కూర్చున్న భార్య లేచి వచ్చింది. పాతికేళ్ల కాపురంలో ఆ పాటలను గోల అనడమే తప్ప ఆమె చెవిన పెట్టింది లేదు.

"ఆ పైది వదిలెయ్యండి. వచ్చినంత వరకే పాడండి, నేను వింటా," అంది.

అతను మెల్లగా లేచి, ఆమె వైపు తిరిగి, మొదటి నుంచి ఎత్తుకున్నాడు.